ఒకటి తేడా

పది దాటి ఐదు నిమిషాలైంది. పదకొండింటికి తీసుకొస్తామన్నారు. ఈ గదిలో ఆరు కుర్చీలున్నాయి, అందులో ఒకటి కుంటిది, నేను కూర్చున్నది దాంట్లోనే, ఎందుకంటే లోపలికి రాగానే ఆరింటినీ ఒక్కొక్కటిగా ఊపి చూసి కుంటిదాన్ని పట్టుకుని అక్కడే చతికిలబడ్డాను. పదకొండేళ్ళ అలవాటు, ఏది సరిగ్గా లేదో నా చేతులు అక్కడికే పోతాయి. మా ఆయన పక్క కుర్చీలో మోకాళ్ళ మీద అరచేతులు ఆనించి, ఫొటో తీయించుకోవడానికి వచ్చినట్టు బిగుసుకుని కూర్చున్నారు. గుమ్మం అవతల ఎవరో గ్లాసులో చెంచా తిప్పుతున్నారు, ఆ చప్పుడు ఆగదేం, చక్కెర ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది. కిటికీ అద్దానికి కింది మూల చిన్న అరచేతి ముద్ర ఒకటుంది, అద్దమంతా తుడిచినవాళ్ళు దాని జోలికి మాత్రం పోలేదు. నా ఒళ్ళో దత్తత ఆఫీసువాళ్ళ ట్యాబ్, అందులో ఆఖరి ఫారమ్. ఇది పంపితే ఎదురుగా ఉన్న ఆకుపచ్చ తలుపు తెరుచుకుంటుంది, అందులోంచి ఇద్దరు ఆడపిల్లలు వస్తారు, పెద్దదానికి ఏడేళ్ళు, చిన్నదానికి మూడు, వచ్చి మాతో ఇంటికి నడుస్తారు, ఇక ఎప్పటికీ. ఇది తలచుకున్నప్పుడల్లా నవ్వొచ్చేస్తోంది. పొద్దున పళ్ళు తోముకుంటూ నురగనోటితో అద్దంలో నవ్వుకున్నాను, బస్సులో నవ్వితే ఎదురు సీటావిడ తన వెనక ఎవరున్నారా అని తిరిగి చూసింది.

ఫారమ్‌లో నేను కొత్తగా రాయవలసింది ఏమీ లేదు. అన్ని గడులూ వాళ్ళే నింపి ఇచ్చారు, మా పేర్లు, మా ఇల్లు, మా ఉద్యోగాలు, అన్నీ రెండేళ్ళ కింద మేము పెట్టుకున్న దరఖాస్తులోంచి తెచ్చి పోసినవే. ఆరో గడిలో 'కోరిన పిల్లల సంఖ్య' అని ఉంది, పక్కన రెండు అని ఉంది. అన్నిటికీ కింద ఒక చిన్న ఖాళీ చదరం, దాని పక్కన ఎర్ర చుక్క. చుక్క ఉందంటే ఆ గడిని వదిలిపెట్టి ముందుకు పోవడానికి వీల్లేదని అర్థం. 'పై వివరాలన్నీ మేమిద్దరం కలిసి ఆలోచించి, ఇష్టపడి రాసినవే' అని దాని పక్కన రాసి ఉంది. ఆ చదరంలో టిక్కు పెట్టాలి, కింద బటన్ నొక్కాలి, అంతే పని. ఇలాంటి చదరాల్లో ఇప్పటికి ఎన్ని వేల టిక్కులు పెట్టానో నాకే తెలియదు, ఒక్కటీ నిజం కాదు. ఇవాళ మాత్రం వేలు దాని మీదికి పోతోంది, వెనక్కి వచ్చేస్తోంది. ఎందుకంటే ఆ రెండు మేమిద్దరం కలిసి ఆలోచించి రాసింది కాదు. నా వేలు దానంతట అది రాసింది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

నా ఉద్యోగం తప్పులు రాయడం. ఏం చేస్తుంటావని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను, ముందు నవ్వుతారు, తర్వాత నిజమేనని తెలిసి జాలిపడతారు. జనం ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ నింపే ఫారాలు మా ఆఫీసులో తయారవుతాయి, బడిలో చేరడానికి, డాక్టరు దగ్గర టైం తీసుకోవడానికి, రైల్లో మరిచిపోయిన గొడుగు కోసం మొరపెట్టుకోవడానికి. తయారైనదాన్ని బయటికి వదిలేముందు నా ముందు పెడతారు. నేను వయసు గడిలో మైనస్ ఐదు అంటాను. పుట్టిన తేదీ ఫిబ్రవరి ముప్ఫై అంటాను. ఫోన్ నంబరడిగితే పది సున్నాలు కొడతాను, పేరడిగితే ఒక్క చుక్క పెట్టి ఊరుకుంటాను, చిరునామా అడిగితే ఖాళీల మీట నాలుగుసార్లు నొక్కి ఏమీ ఎరగనట్టు పక్క గడికి పోతాను. బటన్‌ను ఒకసారి నొక్కమంటే టకటకా రెండుసార్లు నొక్కుతాను, ఒకే మనిషి రెండుసార్లు చేరిపోతాడేమో చూద్దామని. ఫారమ్ నన్ను ఆపిందా, దానికి మార్కు. ఆపలేకపోయిందా, ఆ రోజు నాకు అన్నం సయిస్తుంది. ఆఫీసులో నన్ను చెదపురుగు అంటారు, ముద్దుగానేలెండి.

ఆ గడులకి నియమాలు రాసేది ఒక పెద్దాయన, పూర్వం బడిపంతులుగా చేశారు, అందుకని గడుల మాస్టారంటాం. నేను చేరిన కొత్తలో ఆయన కట్టిన ప్రతి ఫారమ్‌నీ కొరికి పారేసి, నా అంతటిది లేదని మురిసిపోతూ, ఎవరు ఏది తప్పు రాసినా 'తప్పు' అని ఎర్రటి అక్షరాలతో పడాలని సలహా ఇచ్చాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుచుకున్నారు. తప్పు అనిపించుకోవడానికి ఎవరూ ఫారమ్ నింపరమ్మా, ఏం రాయాలో చెప్పు, అది చాలు అన్నారు. ఆ రోజు ఆయన చెప్పిన మాట ఇంకొకటి కూడా ఉంది, అదే ఇప్పుడు నా ప్రాణం తోడేస్తోంది. ప్రతి ఫారమ్‌కీ రెండు తనిఖీలుంటాయి. మనిషి రాస్తున్నప్పుడే కళ్ళ ముందు జరిగేది మొదటిది, ఇక్కడ అంకె తగ్గింది, అక్కడ తేదీ లేదు అని చెప్పడం. అది ఉత్త మర్యాద. అసలు తనిఖీ అంతా అయ్యాక వెనక, మనిషికి కనబడని చోట, మొదటినుంచి మళ్ళీ జరుగుతుంది. ముందు గదిలో అవునన్నదాన్ని నమ్మకు, వెనక గదిలో ఏమందో చూడు అని ఆయన బల్ల మీద వేలితో రెండు గదుల బొమ్మ గీసి చూపించారు.

ఇంకో తప్పు ఉంది, అన్ని తప్పుల్లోకీ అది మాకు చుట్టం లాంటిది, దాన్ని ఒకటి తేడా అంటాం. పదిమందికి చోటుందని చెబితే ఫారమ్ తొమ్మిదిమందినే రానిచ్చి తలుపేసుకుంటుంది, లేదంటే పదకొండో మనిషిని కూడా రానిచ్చి ఊరుకుంటుంది. ఎంత తలపండినవాళ్ళు రాసినా హద్దు దగ్గర ఆ ఒక్కటీ జారుతుంది. అందుకే ఏ అంకె గడి కనబడినా నా చేతులు ఒక వరస పాటిస్తాయి, ముందు కింది హద్దుకి ఒకటి తక్కువ, తర్వాత పై హద్దుకి ఒకటి ఎక్కువ, ఆ తర్వాత సరిగ్గా పై హద్దు, అన్నీ అయ్యాక నిజం. నిద్రలో లేపి కీబోర్డు ముందు పెట్టినా ఇదే వరస. అసలు జనం రాసేవాటి ముందు నా తప్పులెంత? ఒకాయన ఫోన్ నంబరు గడిలో 'పక్కింటివాళ్ళది, సాయంత్రం ఆరు దాటాకే చేయండి, ఆవిడకి కోపమెక్కువ' అని రాశాడు. ఒకావిడ వయసు గడిలో 'చూస్తే తెలియదు' అని రాసింది. గొడుగు పోగొట్టుకున్న మనిషి గొడుగు రంగు అడిగిన చోట, రంగు కాక ఆ గొడుగు కింద తనూ తన భార్యా మొదటిసారి ఎక్కడ నిలబడ్డారో రాశాడు, మొత్తం పది వాక్యాలు, గడి ఐదు వాక్యాల దగ్గర కోసేసింది. మిగతా ఐదు ఏమయ్యాయోనని వారం రోజులు మనసులో పీకింది, మాస్టారితో పోట్లాడి ఆ గడిని పెద్దది చేయించాను. ఆ గొడుగు దొరికే ఉంటుందని నా నమ్మకం.

ఆ ఆదివారం కూడా పొద్దున్నే. రెండేళ్ళ కింద. వంటగది బల్ల మీద ఎండ పడుతోంది, మా ఆయన కాగితాలన్నీ వరసగా పేర్చుకుని ఒక్కొక్కటీ చదువుతున్నారు, నేను దత్తత దరఖాస్తు నింపుతున్నాను. నింపడమంటే నా తరహా నింపడమే. నా వయసు గడిలో ముందు పదిహేడు అన్నాను, కుదరదంది. రెండువందలన్నాను, కుదరదంది. బాగుందే అనుకుని నిజం రాశాను. మా ఆయన నవ్వి, మనకి పాప కావాలా, ఆ ఫారమ్ పరువు కావాలా అని అడిగారు. పాప అన్నారు, ఒక్కరనే అనుకున్నాం మరి, అంతకుముందు ఎన్ని సాయంత్రాలో మాట్లాడుకుని ఒక్కరు అని తేల్చుకున్నాం, చిన్న ఇల్లు, రెండు ఉద్యోగాలు, కొత్త పని. ఆరో గడి వచ్చింది. ఆయన ఒకటి అని చదివారు. నా చేతులు తమ వరసలో తాము పోయాయి. సున్నా కొట్టాను, కనీసం ఒకరుండాలంది. మూడు కొట్టాను, ఇద్దరికి మించి కుదరదంది. రెండు కొట్టాను, గడి చుట్టూ ఆకుపచ్చ గీత మెరిసింది. ఇక ఒకటి రాయాలి. అప్పుడే స్టవ్ మీద పాలు పొంగిన వాసన. లేచి పరుగెత్తాను, గుడ్డ దొరకలేదు, చెయ్యి చుర్రుమంది, తుడిచి, కడిగి, ఊదుకుంటూ వచ్చి కూర్చుని ఏడో గడితో మొదలుపెట్టాను. ప్రపంచంలో ఎవరి తప్పయినా పట్టే చెదపురుగుకి తన తప్పు కనబడలేదు.

కనబడింది తొమ్మిది నెలల తర్వాత, ఇదే ఆఫీసులో, ఈ పక్క గదిలోనే. మా ఫైలు చూసే మేడమ్ కాగితం మీద వేలుపెట్టి, మీరు ఇద్దరని రాశారు కదా, అక్కచెల్లెళ్ళయినా ఫరవాలేదా అని అడిగింది. సున్నా, మూడు, రెండు, పాలు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. నోరు తెరిచేలోపు మా ఆయన, ఏమాత్రం తడుముకోకుండా, ఫరవాలేదండీ అన్నారు, అని చొక్కా చేతి గుండీ సరిచేసుకున్నారు. అదిగో, నాలో అనుమానం నాటింది ఆ గుండీ. పెళ్ళైన కొత్తలో ఆయనకి నేనొక చొక్కా కొన్నాను, చేతులు జానెడు పొట్టి. రెండేళ్ళపాటు ఆ చొక్కా వేసుకున్నప్పుడల్లా చేతులు మడిచి, మడత నాకు బాగుంటుంది అన్నారు. పొట్టి అని తెలిసింది ఒకసారి నేను ఇస్త్రీ చేయబోయి చెయ్యి పూర్తిగా పరిచినప్పుడు. నా పరువు పోకుండా రెండేళ్ళు మోచేతులు చూపించుకుంటూ తిరిగిన మనిషి, ఆఫీసు మేడమ్ ముందు నా పరువు కోసం ఒక పిల్లని పెంచడానికి ఒప్పుకోడని ఏముంది? ఆ సాయంత్రం ఇంటికొచ్చాక చెప్పేద్దామని గదిలోకి వెళ్తే, ఆయన గోడ వెంబడి జానలు కొలుస్తూ రెండో మంచానికి చోటు చూస్తున్నారు. ఏదో పాట లాంటిది పాడుకుంటున్నారు. నేను నీళ్ళు నమిలి వచ్చేశాను.

ఆ తర్వాత ఎన్నిసార్లు నమిలానో. ఆయన పని కళ్ళజోళ్ళ షాపులో. నల్లగుడ్డ కప్పిన గదిలో మనుషుల్ని కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి, ఇప్పుడు బాగుందా, ఇందాకటిది బాగుందా, ఒకటా రెండా అని రోజంతా అడుగుతుంటారు. జనం అక్కడ కూడా అబద్ధమాడతారట, పక్కవాళ్ళు చదువుతుంటే విని అక్షరాలు బట్టీపట్టి గడగడా చెప్పేస్తారట, రెండూ బాగున్నాయండీ అనేవాళ్ళతోనే మరీ కష్టమట, మొహమాటంతో చూపు పాడుచేసుకుంటారు అంటారు. అలా అనే మనిషి తనకి మొహమాటం లేదనుకుంటాడా. ఇప్పుడు కూడా చూడండి, కిటికీలోంచి పడే ఎండ సరిగ్గా ఆయన కళ్ళలోకి కొడుతోంది, జరగచ్చు కదా, జరిగితే నా పక్కనుంచి ఒక కుర్చీ దూరమవుతుందని కళ్ళు చికిలించుకుని అలాగే కూర్చున్నారు.

పది ఇరవై ఐదు. మొదటిసారి ఆ పిల్లల్ని చూసింది ఈ గదిలోనే. చిన్నది అక్క గౌను అంచు పట్టుకుని అక్క వెనకవెనకే తిరిగింది, గుండ్రంగా తిరిగే గౌనుకి తోక లాగా. పెద్దది మా ఎదురుగా నిలబడి, మేము అడగాల్సినవి అడగకముందే తను అడగడం మొదలుపెట్టింది. మీ ఇంట్లో స్విచ్చి ఎంత ఎత్తులో ఉంటుంది, చెల్లికి అందుతుందా? మీరు తలుపులు గట్టిగా వేస్తారా? మీకు జ్వరమొస్తే చెల్లికి అన్నం ఎవరు పెడతారు? మీ ఇద్దరికీ ఒకేసారి వస్తే? నేను వెనక్కి వాలిపోయాను. కింది హద్దు, పై హద్దు, రెండూ ఒకేసారి. తర్వాత నీళ్ళ గ్లాసు బల్ల అంచుకి, మెల్లిగా, మా మొహాల్లోకి చూస్తూనే, ఇంకా కొంచెం, ఇంకా కొంచెం జరిపి కింద పడేసింది. పడేసి గ్లాసు వైపు చూడలేదు, మమ్మల్నే చూసింది. ఓసి నా తల్లీ, నువ్వు మా తెగదానివే అని లోపల కేక పెట్టాను. మా ఆయన జేబురుమాలు తీసి నేల తుడిచి, గ్లాసు ఆ పిల్ల చేతికే ఇచ్చి, మళ్ళీ నింపుకొస్తావా అన్నారు. పిల్ల నింపుకొచ్చింది. ఈసారి బల్ల మధ్యలో పెట్టింది. మాకు మార్కు పడిందని ఆ బల్ల మధ్యని చూసి తెలుసుకున్నాను.

కానీ ఒక ప్రశ్న మాత్రం ప్రతిసారీ, ఐదుసార్లు వస్తే ఐదుసార్లూ, మేము వెళ్ళబోయేముందు అడిగేది. ఇద్దర్నీనా? నేను టకీమని అవునమ్మా, ఇద్దర్నీ అనేదాన్ని. మేడమ్ తర్వాత చెప్పింది, మాకు ముందు మూడు జంటలు వచ్చాయట, మూడు జంటలకీ చిన్నదే నచ్చిందట, విడదీసి ఇచ్చేది లేదని మేడమ్ వాళ్ళకి చెప్పడం పెద్దది తలుపు సందులోంచి విందట. ఒకటి అని రాసినవాళ్ళకి ఆ తర్వాత వీళ్ళ ఫైలు చూపించడమే మానేశారు. అంటే నా వేలు ఆ రోజు ఒక అంకె పైకి పోకపోతే, పాలు అరనిమిషం ఆగి పొంగి ఉంటే, ఈ ఇద్దరి ఊసే మాకు తెలిసేది కాదు. అమ్మకి ఈ ముక్క చెబితే ఏమంటుందో, అమ్మకి చెప్పలేదు, ఇద్దరని మాత్రం చెప్పాను. ఒకదానికి జడ వేస్తుంటే రెండోది ఏడుస్తుంది, దువ్వెనలు రెండు కొను, ఒకే రంగువి కొను, లేకపోతే అదొక యుద్ధం అని అమ్మ ఫోన్లోనే లెక్చరిచ్చింది. రెండు దువ్వెనలూ నా సంచిలో ఉన్నాయి, రెండూ పసుపుపచ్చవి. చిన్నది పోయినసారి వచ్చినప్పుడు నా ఒళ్ళోకి ఎక్కి నా చెవి పట్టుకుని నిద్రపోయింది. నలభై నిమిషాలు కదలలేదు నేను, కాలు తిమ్మిరెక్కి నాది కాకుండా పోయింది. ఆ చెవి ఇప్పటికీ వెచ్చగా ఉన్నట్టే ఉంటుంది.

అందుకే భయం. నాకు ఇద్దరూ కావాలి, ఊపిరి తీసుకున్నంత మామూలుగా కావాలి. నా తప్పుని నేనెప్పుడో క్షమించి నెత్తిన పెట్టుకున్నాను. ఆయన సంగతే తెలియదు. ముందు గదిలో ఫరవాలేదన్నారు, వెనక గదిలో ఏమన్నారో ఎవరు చూడొచ్చారు? మొహమాటానికి ఒప్పుకున్న పిల్ల మా ఇంట్లో పొట్టి చొక్కా అవుతుందేమో. ఆయన రెండేళ్ళు కాదు, ఇరవై ఏళ్ళు చేతులు మడుచుకుని నవ్వుతారు, పెద్దది మాత్రం ఏడో రోజుకే పట్టేస్తుంది, అది నాకంటే గట్టి టెస్టరు. పట్టేసి ఏమీ అనదు, చెల్లి చెయ్యి పట్టుకుని ఒక మూల నిలబడుతుంది. చెప్పేస్తే? చెబితే, హమ్మయ్య, నేనూ అదే అనుకున్నా, ఒక్కరు చాలు కదా అంటే? అప్పుడు ఆకుపచ్చ తలుపు తెరుచుకోనే తెరుచుకోదు. చెప్పకుండా టిక్కు పెడితే అది నా జీవితంలో పదివేల ఒకటో అబద్ధపు టిక్కు, ఎవరికీ తెలియదు. కానీ దీంతోనా మొదలుపెట్టడం, వాళ్ళతో? పది నలభై. చెంచా ఆగింది.

"ఏమండీ, ఆ రెండు నేను కావాలని రాసింది కాదు."

ఇంత చిన్న వాక్యమా అనిపించింది. ఏడాది పైగా నమిలింది ఇంతేనా. ఆయన నా వైపు తిరిగారు, ఎండ ఆయన చెవి మీదికి జారింది.

"తెలుసు" అన్నారు.

తెలుసట. రెండో రోజు నుంచీ తెలుసట. దరఖాస్తు అందిందని వచ్చిన కాగితాన్ని షాపులో ప్రింటు తీసి ఫైల్లో పెట్టబోతుంటే ఆరో గడి కనబడిందట. నీ చేతుల సంగతి నాకు తెలియదా, సున్నా కొట్టి ఉంటావు, మూడు కొట్టి ఉంటావు, రెండు దగ్గరికి వచ్చేసరికి పాలు పొంగాయి కదా అన్నారు, పక్కనే కూర్చుని చూసినట్టు. పక్కనే కూర్చున్నారు కదా పాపం. మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు ఒకటి అని మార్చేద్దామని దరఖాస్తు తెరిచారట. తేలు కుట్టిన దొంగలా ఇన్నాళ్ళూ తిరిగింది నేనొక్కదాన్నే అనుకున్నాను, ఈయన నా పక్కనే తిరుగుతున్నారన్నమాట.

"మార్చనిచ్చింది. మారిస్తే కింద ఇంకో గడి తెరుచుకుంది. ఎందుకు మారుస్తున్నారో కారణం రాయమంది. ఎర్ర చుక్క, కనీసం ఇరవై అక్షరాలు" అన్నారు. అని అరచేతులు మోకాళ్ళ మీదనుంచి తీసి వేళ్ళు కలుపుకున్నారు. "అరగంట కూర్చున్నాను. రెండో పిల్ల ఎందుకొద్దో రాయాలి. ఏది రాద్దామన్నా అబద్ధమే అవుతోంది. ఇరవై అక్షరాలు రాలేదు. మూసేశాను."

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను. తప్పులు పట్టేదానివి నువ్వే కదా, నువ్వు పట్టుకోలేదంటే నీకూ ఇష్టమేమో అనుకున్నా అన్నారు. ఇంకా ఏదో మిగిలినట్టు, కిటికీ మీది చేతి ముద్రని చూస్తూ అన్నారు. "రోజంతా ఒకటా, రెండా అని అందర్నీ నేనడుగుతాను. నన్ను ఆ గడి ఒక్కటే అడిగింది."

నవ్వూ ఏడుపూ ఒకే దారిలో వచ్చి గుమ్మంలో ఇరుక్కున్నాయి. ఎవరో, ఏ ఆఫీసులోనో, నాకు మొహం తెలియని ఒక గడుల మాస్టారు, మార్పుకి కారణం తప్పనిసరి చేద్దాం, ఇరవై అక్షరాలు పెడదాం అని పట్టుబట్టి ఉంటాడు. ఆ ఫారమ్ నా బల్ల మీదికి వచ్చి ఉంటే నేనేం రాసేదాన్నో నాకు బాగా తెలుసు, ఈ గడి దండగ, జనానికి విసుగు, తీసేయండి. తీసేసేవాళ్ళు. ఆయన ఒక్క నొక్కుతో ఒకటి చేసేసి సాయంత్రం కూరగాయలు తెచ్చేవాళ్ళు. ముందు గదిలో ఆ రోజు ఫరవాలేదండీ అన్న మాట వెనక గదిలో ఎప్పుడో అరగంట కూర్చుని తేలిన మాట. నేనేమో గుండీని చూసి భయపడ్డాను. రేపు ఆఫీసుకు వెళ్ళగానే మాస్టారికి కుండబద్దలు కొట్టినట్టు చెప్పేయాలి, మీ గడుల్ని ఇన్నేళ్ళూ కొరికినదాన్నే ఇవాళ ఒక గడికి దణ్ణం పెడుతున్నానని.

ట్యాబ్‌ని ఇద్దరి మోకాళ్ళ మధ్యా పెట్టుకున్నాం. చదరంలో టిక్కు నేను పెట్టాను, వేలు కింద ఆయన వేలు కూడా ఉంది, కాబట్టి వాక్యంలో ఉన్నట్టే ఇద్దరం. బటన్ నొక్కాను. ఒకసారి. రెండోసారి నొక్కమని వేలు దురద పెట్టింది, దాన్ని పిడికిట్లో బిగించాను, రెండుసార్లు పోతే నలుగురొస్తారేమో, నలుగురైతే దువ్వెనలు చాలవు. తెర మీద చిన్న చక్రం తిరిగింది, తిరిగింది, నా ఉద్యోగమంతటిలో అంత పొడుగు చక్రం చూడలేదు. 'అందింది' అని వచ్చింది. పదీ యాభై రెండు.

ఆకుపచ్చ తలుపు ఎనిమిది నిమిషాలు ముందే తెరుచుకుంది, మేడమ్ కూడా ఆగలేకపోయినట్టుంది. ముందు పెద్దది, దాని చెయ్యి పట్టుకుని చిన్నది, ఇద్దరి వీపుల మీదా చిన్న సంచులు. పెద్దది మా ఎదురుగా వచ్చి, మామూలుగా నిలబడే చోటే నిలబడింది. నేను నోరు తెరవబోయి ఆగాను. అది నన్ను కాదు, ఈసారి ఆయన్నే చూస్తోంది.

"ఇద్దర్నీనా?"

"ఇద్దర్నీ" అన్నారాయన. తడుముకోలేదు, గుండీ సరిచేసుకోలేదు. పెద్దది ఆ మొహాన్ని చాలాసేపు చదివింది, కింది వరస చిన్న అక్షరాల దాకా. తర్వాత తన వీపు మీది సంచి తీసి ఆయన చేతికిచ్చింది, ఇన్నాళ్ళలో అది మాకు ఏదైనా ఇవ్వడం అదే మొదలు. చిన్నది నా కాళ్ళ మీద పడినట్టే వచ్చి చెవి కోసం చెయ్యి చాచింది. ఎత్తుకోబోతూ చూశాను, దాని గౌను గుండీలు మొత్తం పై నుంచి కింద దాకా ఒక కన్నం జరిగిపోయాయి, మెడ దగ్గర ఒక గుండీ మిగిలింది, అంచు దగ్గర ఒక కన్నం మిగిలింది. నా చేతులు వాటంతటవే లేచాయి. చెల్లికి నేనే పెట్టాను గుండీలు, ఎవరూ సాయం చెయ్యలేదు అంది పెద్దది, నా చేతుల్నే చూస్తూ.

చాలా గట్టిగా పెట్టావమ్మా, ఒక్కటీ ఊడలేదు అన్నాను. చిన్నదాన్ని ఎత్తుకున్నాను, అది చెవి పట్టుకుంది. నలుగురం మెట్లు దిగాం. తప్పు కనబడి కూడా రాసుకోకుండా వదిలేయడం పదకొండేళ్ళలో అదే మొదటిసారి, మెడ దగ్గర మిగిలిపోయిన ఆ గుండీ ఇంటిదాకా నా బుగ్గకి తగులుతూనే ఉంది.